తూనీగ తప్పులు తూనీగవే

వంటింటి బల్ల దగ్గర,
బడులు తెరిచిన నెల

అక్కకి,

ఇక్కడ అందరం క్షేమం, ఒక్క చెయ్యి తప్ప. ఆ చెయ్యి మన తూనీగది.

మొన్న ఫోన్లో అడిగావు, దాటేశాను. ఫోన్లో అయితే నువ్వు అరుస్తావు, నేను నీళ్లు నములుతాను. కాగితం మీద ఇద్దరం సమానం. అందుకే రాస్తున్నాను.

నీ మేనకోడలికి తొమ్మిదేళ్లు నిండాయి. నోరు గలగల, బుర్ర చురుకు. పెన్సిలు మాత్రం బల్లి పీక పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. వేళ్ల కొసలు తెల్లబడిపోతాయి. మూడు వేస్తే అద్దంలో కనిపించే మూడు. కూడిక వేస్తే ఒకట్ల కింద ఉండాల్సిన అంకె పదుల కిందికి జారుతుంది, పదులది ఇంకెక్కడికో పోతుంది. పేజీ పూర్తయ్యేసరికి గాలివానకు దండెం తెగిన బట్టల్లా ఉంటాయి అంకెలు.

లెక్కల టీచరమ్మ పిలిపించారు. "మీ అమ్మాయి పుస్తకం నేను దిద్దలేనండీ. ఏది అంకో, ఏది గీతో తెలియడం లేదు. చేతిరాత కుదిరాక భిన్నాలు మొదలుపెడదాం" అన్నారు. క్లాసంతా భిన్నాలు చేస్తుంటే ఇది వెనక బెంచీలో కూర్చుని అంకెలు దిద్దుతోంది. నాకూ సబబే అనిపించింది. కాపీ రాత పుస్తకం కొన్నాను. రోజూ సాయంత్రం రెండు పేజీలు రాయిస్తున్నాను, ఏడుపుతో సహా.

"గుండ్రంగా రాసేవాళ్లు గుండ్రంగా ఆలోచిస్తారు" అన్నాను నిన్న. మీ మరదలు అప్పుడే సెలూన్ నుంచి వచ్చింది. కత్తెర్ల సంచి కూడా దించకుండా, "గుండ్రంగా ఆలోచిస్తే తిరిగి తిరిగి మొదలుకే వస్తారు" అని లోపలికి పోయింది.

ఒక తమాషా చెప్పాలి. పొద్దున రెండే బ్రెడ్ ముక్కలు మిగిలాయి, మేం ముగ్గురం. నేను కత్తి పట్టుకుని దిక్కులు చూస్తున్నాను. తూనీగ చెప్పు పట్టీతో కుస్తీ పడుతూ, తల కూడా ఎత్తకుండా, "తలా మూడింట రెండు నాన్నా. ఒక్కోదాన్నీ మూడు చెయ్యి, అందరం రెండేసి తీసుకుందాం" అంది. ఎవరు నేర్పారో మరి.

తిట్టాలనుకుంటే కాస్త మెల్లగా తిట్టు.

తమ్ముడు

*

నర్సుల గది, ఎముకల వార్డు పక్కన,
అదే నెల

ఒరేయ్ తమ్ముడూ,

మెల్లగా తిట్టడం నాకు రాదు. గట్టిగానే వినుకో.

ఎవరు నేర్పారో మరి, అట! ఎవరూ నేర్పలేదురా. దానికి వచ్చు. వచ్చిన పిల్లని రానివాళ్ల బెంచీలో కూర్చోబెట్టారు, నువ్వు వెళ్లి సబబే అని తలూపి వచ్చావు. మా వార్డులో చెయ్యి విరిగినవాళ్లు నిండా ఉన్నారు. కట్టు విప్పేదాకా నీకు అన్నం లేదు, ముందు చెంచా పట్టుకోవడం నేర్చుకో అంటామా? ఎవరో ఒకరం తినిపిస్తాం. చెయ్యి పని చెయ్యి చేసుకుంటుంది, కడుపు పని కడుపు చేసుకుంటుంది. బుర్రకి మాత్రం ఈ న్యాయం ఎందుకు వర్తించదు?

లెక్క అంటే ఆలోచన. రాత అంటే కండరం. రెంటినీ ఒకే తాడుతో కట్టేసి, నెమ్మదిగా నడిచేది నడిచేదాకా రెండోదాన్ని నిలబెట్టారు. పిల్ల మెలకువగా ఉండే రోజులో సగం బడిలోనే గడుస్తుంది. ఆ బడి వేళలో మూడో వంతు లెక్కలకే పోతుందని నువ్వే చెప్పావు. సగం, అందులో మూడో వంతు. అంటే దాని మెలకువలో ఐదో వంతు వెనక బెంచీ పాలు! పసిదాని బతుకులో ఐదో వంతును ఎత్తుకుపోయే హక్కు ఈ బడికి ఎవడిచ్చాడు?

ఇక చెయ్యాల్సింది విను. మా ఆసుపత్రిలో చేతులకు వ్యాయామం నేర్పే ఆవిడని అడిగే రాస్తున్నాను, నా పైత్యం కాదు. పెద్ద పెద్ద గళ్ల కాగితం తీసుకో. ఒక గడికి ఒక అంకె, అప్పుడు జారదు. ఇరవై లెక్కల బదులు నాలుగు చాలు. నాలుగూ వచ్చిన పిల్లకి మిగతా పదహారు శిక్షే కదా. భిన్నాల్లాంటి కొత్త పాఠం అయితే అది నోటితో చెప్పాలి, పెద్దవాళ్లు రాయాలి. చేతిరాత మానెయ్యమనడం లేదు. అది వేరే వేళ, కాసేపే, లెక్కలతో కలపకుండా. ముందు మట్టి ముద్దలు పిసికించు, బట్టల క్లిప్పులు పెట్టించు, వేళ్లకి బలం రానీ.

ఆ కాపీ రాత పుస్తకాన్ని అటక మీద పడెయ్. హెడ్‌మాస్టరుకి నేను విడిగా రాస్తున్నాను. ఆపకు.

అక్క

*

మీటింగు హాలు, భోజనాల వేళ,
వానలు పట్టిన నెల

అక్కకి,

ఆపకు అని చివర్లో రాసి, ఉత్తరం అప్పటికే పంపేశావు. నాలుగు పేజీలు! హెడ్‌మాస్టరు దాన్ని టీచరమ్మకిచ్చారు, ఆవిడ నా ముందు పెట్టారు. "మీ అక్కగారికి ఆవేశం ఎక్కువండీ" అన్నారు. "పుట్టుకతోనే" అన్నాను. ఆవిడ నవ్వేశారు. రాక్షసి కాదక్కా ఆవిడ. క్లాసు నిండా పిల్లలు, అందరి పుస్తకాలూ ఆవిడే దిద్దాలి. నీ ఉత్తరంలో ఆవిడ ముక్కు మీద గుద్దిన మాటలు వదిలేసి, గళ్ల కాగితం మాట మాత్రం పట్టుకున్నారు.

ఒప్పందం ఇదీ. తూనీగ భిన్నాల జట్టులో కూర్చుంటుంది. ఇంటి లెక్కలు నోటితో చెబితే నేను రాస్తాను. అర్ధ సంవత్సరం పరీక్షలో బడి మనిషి ఒకరు రాస్తారు. అందులో సగానికి పైగా తెచ్చుకుంటే భిన్నాల్లోనే ఉంటుంది. లేదంటే మళ్లీ వెనక బెంచీ, ఈసారి ఏడాదంతా.

సాయంత్రాలు చూడాలి నువ్వు! అది కూర్చోదు. బల్ల చుట్టూ తిరుగుతూ చెబుతుంది, నేను రాస్తాను. అలా తిరిగే కదా దానికి తూనీగ అని పేరు పెట్టావు. నా జన్మకి ఇప్పుడు సార్థకత వచ్చిందనుకో. నీటి సరఫరా ఆఫీసులో నేను చేసే పని ఇదే కదా. మీటింగులో మా పెద్దాయన, "ఆ... అదే... ఆ పాత పైపు సంగతి... ఏదో ఒకటి చూద్దాంలే" అంటాడు. నేను "పాత పైపుల స్థానంలో కొత్తవి వేసే విషయం పరిశీలించాలని తీర్మానించడమైనది" అని రాస్తాను. చదువుకుని, "సరిగ్గా నేనన్నది ఇదేనయ్యా" అని మురిసిపోతాడు. ఇన్నేళ్లలో ఒక్కడూ నేనలా అనలేదని అనలేదు.

కొత్త పేజీలు కొన్ని జత చేస్తున్నాను. ఒక్క తప్పు ఉంటే చూపించు.

తమ్ముడు

*

నర్సుల గది,
ఆ తర్వాతి నెల

నా బంగారు తమ్ముడూ,

ఒక్క తప్పూ లేదు! నాలుగుసార్లు చూశాను. డ్యూటీకి వచ్చిన ప్రతి మనిషికీ చూపించాను, చివరికి నడుముకి కట్టుతో కదలలేక పడుకున్న పెద్దాయనకి కూడా. పాపం ఎక్కడికీ పారిపోలేడు కదా, మొత్తం విన్నాడు.

మా నర్సుల సంఘం పత్రికలో వ్యాసం రాసేశాను. "చెయ్యి వేరు, బుర్ర వేరు". పేర్లేవీ పెట్టలేదులే. నీకు రాసిన ఐదో వంతు లెక్క కూడా అందులో వేశాను, అది చదివి మా సూపర్నెంటమ్మ కళ్లు తుడుచుకుంది. అందమైన చేతిరాతని తెలివి అనుకునే ఈ జమీందారీ గుమాస్తా బుద్ధి మనకెప్పుడు వదులుతుందని అడిగాను. నిన్ను దృష్టిలో పెట్టుకుని కాదు. కొంచెం పెట్టుకునే.

ఉన్నమాట చెప్పనా? ఈ పేజీలు నా దిండు కింద ఉన్నాయి. పిల్లలు లేని మనిషిని, దిండు కింద పెట్టుకోవడానికి నాకు వేరే ఏముంటాయి? లావుపాటి పెన్సిళ్లు కొన్ని పంపుతున్నాను. మూడు పలకలుగా ఉంటాయి, వేళ్లు వాటంతటవే సర్దుకుంటాయట. మరదలికి నా ముద్దులు. టీచరమ్మకి నమస్కారం కూడా చెప్పు, పోనీ.

అక్క

*

బడి వరండా, తర్వాత ఇల్లు,
చలి మొదలైన నెల

అక్కకి,

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను. ఆ పని నాకు రాదని ఇవాళే తెలిసింది.

అసలు పరీక్షకి ముందు బడిలో ఉత్తుత్తి పరీక్ష పెట్టారు. తూనీగ చెప్పింది, బడి మనిషి రాసింది. పదిలో మూడు కూడా సరిగ్గా లేవు. టీచరమ్మ నన్ను పిలిపించి ఎదురుగా కూర్చోబెట్టారు. "కోప్పడకండి. ఇంట్లో చేసినట్టే ఇక్కడ ఒక్క లెక్క చెయ్యండి. పాప చెబుతుంది, మీరు రాయండి" అన్నారు. మూడింట రెండుకి నాలుగింట ఒకటి కలపాలి. తూనీగ ఆవిడ కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగి చెప్పింది. నేను రాశాను. పన్నెండింట పదకొండు. సరైన జవాబు.

టీచరమ్మ కాగితం చూసి, "పాపా, నువ్వేం చెప్పావో మళ్లీ చెప్పు" అన్నారు.

"ఏడింట మూడు" అంది తూనీగ.

నేను కావాలని చెయ్యలేదక్కా. ఒట్టు. అది ఏడింట మూడు అంటుంటే నా చెవిలో పడింది, చేతిలోంచి మాత్రం పన్నెండింట పదకొండు వచ్చింది. మా పెద్దాయన ఆ... అదే... అంటే తీర్మానించడమైనది అని వచ్చినట్టే. ఇన్ని సాయంత్రాలూ ఇదే చేశాను. దాని తప్పులన్నీ నా కలం నోట్లో వేసుకుని మింగేసింది. పైన అంకెలు పైవాటితో, కింద అంకెలు కిందివాటితో కలిపేస్తోంది అది. మొదటి రోజు నుంచీ. తెలిసే దారే లేకుండా చేశాను.

ఇంటికొస్తుంటే తూనీగ నా ముందే నడిచింది. మా వీధి మలుపులో ఆగి, "నాన్నా, నా తప్పులన్నీ ఎక్కడ పెట్టావు?" అంది.

దాని సంచి నా భుజానికి మార్చుకున్నాను.

"అవి నావి కదా. నాకు ఇచ్చెయ్యాలి కదా" అంది.

ఇంకో మూడు వారాల్లో అసలు పరీక్ష. కాపీ రాత పుస్తకం అటక మీంచి దించాను. దాని చేత్తో అదే రాసుకోనీ, కనీసం అది దానిదవుతుంది. నీ పద్ధతి మంచిదే, మనిషే మంచివాడు కాదు. దయచేసి బడికి ఏమీ రాయకు. పత్రికకి కూడా.

తమ్ముడు

*

నర్సుల గది,
నీ ఉత్తరం అందిన రోజే

ఒరేయ్ వెధవా,

ముందు ఆ పుస్తకం మళ్లీ అటక ఎక్కించు. మిగతాది తర్వాత చదువు.

ఎక్కించావా?

తినిపించే మనిషి తానే తినేశాడని, ఇక విరిగిన చేత్తోనే తినమంటావా? తప్పు తినిపించడంలో లేదు, నీ నోట్లో ఉంది. నోరు కట్టుకో, చెంచా పడెయ్యకు. ఈ దేశంలో మంచి పద్ధతులన్నీ ఇలాగే చచ్చాయి. అడ్డదిడ్డంగా అమలు చేసేది ఒకరు, పనికిరాదని తేల్చేసేది ఇంకొకరు. ఆ ఇద్దరూ నువ్వొక్కడివే అయ్యావు, అదొక్కటే కొత్త.

తిట్టడం అయింది. ఇప్పుడు నా వాటా. వార్డులో జ్వరం పట్టిక చూస్తాను కదా. రోజంతా ఒకే అంకె, గీత ఎక్కడా లేవకుండా పడకుండా సాఫీగా ఉంటే, రోగికి నయమైందని అనుకోను. థర్మామీటరు పెట్టకుండా రాశారని అనుకుని, రాసిన పిల్లని పట్టుకుని కడిగేస్తాను. అలాంటిది, నేర్చుకుంటున్న పిల్ల నెలల తరబడి ఒక్క తప్పు చెయ్యకపోతే నాకు అనుమానం రాలేదు. ఎందుకు రాలేదు? గెలవాలని ఉంది కాబట్టి. నాకు తూనీగ కనిపించలేదురా, టీచరమ్మ ఓడిపోవడం కనిపించింది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లని వాదించేవాళ్లని జీవితమంతా తిట్టాను. నా కుందేలుకి ఎన్ని కాళ్లో లెక్కపెట్టలేదు.

వచ్చే సంచికలో సవరణ వేస్తున్నాను. "ఆ పేజీల్లో తప్పులు లేకపోవడం పిల్ల గొప్ప కాదు, రాసినవాడి అలవాటు" అని. సూపర్నెంటమ్మ మళ్లీ కళ్లు తుడుచుకుంటుందేమో, ఈసారి నవ్వి.

దాని ప్రశ్నకి జవాబు నాకూ తెలియదు. దాన్నే అడుగు. ఇంట్లో బుర్ర ఉన్నది దానికే.

అక్క

*

వంటింటి బల్ల దగ్గర,
పరీక్షకి ముందు వారం

అక్కకి,

అడిగాను.

"తూనీగా, నా చెయ్యి నా మాట వినడం లేదు. ఏం చెయ్యమంటావు?" అన్నాను. బల్ల చుట్టూ తిరగడం ఆపి నా వైపు చూసింది. ఆ మాట ఎప్పుడూ అనేది అదే కదా. తర్వాత వచ్చి నా కుడి చేతిలోంచి కలం లాక్కుని ఎడమ చేతిలో పెట్టింది.

"దీంతో రాయి" అంది.

అక్కా, ఎడమ చేత్తో ఎప్పుడైనా ఎనిమిది వేశావా? మొదటి చుట్టు తిప్పేసరికి నా నాలుక బయటికొచ్చింది. రెండో చుట్టు ఎటు తిప్పాలో మర్చిపోయాను. అది "ఎనిమిదింట ఐదు" అంటే ఎనిమిది వేసేసరికి పైన ఎంతన్నదో గుర్తులేదు. "ఎంతన్నావమ్మా?" అన్నాను. "అదే నాన్నా! నాకూ అలాగే పోతుంది" అని ఎగిరి గంతేసింది. నన్ను చూసి దానికంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

అందమైన చేతిరాత గలవాణ్ణి. మెడల్ ఇచ్చారు బడిలో. ఇంతకాలం దానికి శ్రద్ధ లేదని అనుకున్నాను. శ్రద్ధంతా పెన్సిలే తాగేస్తుంటే లెక్కకి ఏం మిగులుతుంది?

ఇప్పుడు సరిదిద్దే తీరిక నా చేతికి లేదు. అది చెప్పింది చెప్పినట్టు పడుతోంది, వంకరటింకరగా. మీ మరదలు వెనకనుంచి చూసి, "వంశపారంపర్యమని ఇప్పుడు అర్థమైంది" అంది.

తప్పులు బయటపడ్డాయి. ఏడింట మూడు మళ్లీ వచ్చింది. ఈసారి కాగితం మీద అలాగే పడింది. తూనీగ దాన్ని చూస్తూ నిలబడింది. నేను పెదవి కొరుక్కున్నాను, నిజంగానే. మీ మరదలు సెలూన్లో వాడే పొడుగు కాగితం ముక్కలు తూనీగే తెచ్చి మడిచింది. మడతలు వంకరే, అయినా మూడు భాగాలు మూడు భాగాలే. మూడింట రెండు పక్కన ఏడింట మూడు పెట్టింది.

"నాన్నా, ఇదేంటి? కలిపితే తగ్గిపోయింది!"

నేను కుడి చేతిని తొడ కింద పెట్టుకున్నాను.

"నా దగ్గర ఇంత ఉంది. ఇంకొంచెం ఇచ్చారు. ఇస్తే తగ్గుతుందా ఎక్కడైనా?"

"మీ నాన్న జీతం తగ్గుతుంది" అంది మీ మరదలు పొయ్యి దగ్గరనుంచి.

అది నవ్వలేదు. మళ్లీ మడవడం మొదలుపెట్టింది. మూడో వంతు ముక్కలు, నాలుగో వంతు ముక్కలు ఒకే సైజువి కావని, ఒకే సైజువి చేస్తేగాని కలపకూడదని రెండు సాయంత్రాలు పోట్లాడి తేల్చుకుంది. పన్నెండు దగ్గరికి వచ్చి ఆగి నా వైపు చూసింది. నేను ముఖం గోడకి తిప్పుకున్నాను. పన్నెండింట పదకొండు అని అదే చెప్పింది. ఎడమ చేత్తో రాశాను. నా జన్మలో నేను రాసిన అన్నిటికంటే వికారమైన పదకొండు అది. దాచుకుంటాను.

టీచరమ్మకి చెప్పాను. పరీక్షకి మడిచిన కాగితాలు తెచ్చుకోవచ్చన్నారు. భయంగా ఉంది. ఈసారి ఎన్ని వస్తాయో నాకు ముందే తెలియదు మరి.

తమ్ముడు

*

వంటింటి బల్ల చుట్టూ,
పరీక్ష కాగితాలు ఇచ్చిన రోజు

అత్తకి,

నేను తూనీగని. నేను చెబుతున్నాను, నాన్న ఎడమ చేత్తో రాస్తున్నాడు. అందుకే అక్షరాలు ఇలా ఉన్నాయి, నువ్వు భయపడకు. మెడల్ సంగతి నాన్న ఇప్పుడు చెప్పడం లేదు.

నాకు పదిలో ఏడు వచ్చాయి. నేను భిన్నాల్లోనే ఉంటాను. వెనక బెంచీలోకి వెళ్లక్కర్లేదు. టీచరమ్మ ఏడు చుట్టూ సున్నా చుట్టి, "ఇవన్నీ నీవే కదా?" అని అడిగింది. మూడు తప్పులు కూడా నావే టీచర్ అన్నాను. ఆ మూడు తప్పులున్న కాగితం నాకు ఇచ్చేసింది. రెండు తప్పులు ఎందుకు వచ్చాయో తెలిసింది. ఒకటి ఇంకా తెలియలేదు. నాన్నకి తెలుసు, ముఖం చూస్తే తెలిసిపోతోంది, కానీ చెప్పడం లేదు. గోడ వైపు తిరిగాడు. నాన్నా అది కూడా రాయి. రాస్తున్నానమ్మా. రాస్తున్నానమ్మా అన్నది రాయొద్దు.

రోజూ కాసేపు నా చేత్తో కూడా రాస్తున్నాను, నీ లావు పెన్సిలుతో. అది వేరే వేళ. మూడు ఇప్పుడు సరిగ్గా తిరుగుతోంది. ఐదు ఇంకా మొండికేస్తోంది.

నీ ఉత్తరాలన్నీ నాన్న నిన్న నాకు చదివి వినిపించాడు. వెధవా అన్న చోట దగ్గాడు. నువ్వు నా కోసం అంత గట్టిగా పోట్లాడావని నాకు తెలియదు అత్తా. నాకు చాలా బాగుంది. కానీ ఒక మాట చెప్పాలి, నువ్వు కోప్పడకూడదు.

రోజులో సగం, అందులో మూడో వంతు, అంటే ఐదో వంతు అని రాశావు కదా. ఐదో వంతు కాదు అత్తా. నువ్వు కింద అంకెలు రెండూ కలిపేశావు. నేనూ అలాగే చేసేదాన్ని. పొడుగు కాగితం తీసుకుని సగానికి మడిచి, ఆ మడతని అలాగే ఉంచి మళ్లీ మూడు మడతలు పెట్టు. విప్పి ఎన్ని ముక్కలు ఉన్నాయో నువ్వే చూడు. ఎన్నో నేను చెప్పను.

నాన్నకి అప్పుడే తెలుసట. మీ అత్త కోపంగా ఉన్నప్పుడు లెక్క సరిచెయ్యకూడదమ్మా అంటున్నాడు. అమ్మ నవ్వుతోంది. పత్రికలో కూడా అలాగే పడిందట కదా. ఏం ఫరవాలేదు అత్తా. అది నీదే కదా, దాచుకో.

కింద నా పేరు నేనే రాస్తాను. నాన్నా కలం ఇటివ్వు.

తూనీగ